పాట అయిపోయాక ఇరవై సెకన్లు

ఉత్తరాల గది, రేడియో స్టేషన్
ఫిబ్రవరి 6

అన్నయ్యకి,

నేను క్షేమం, నువ్వూ వదినా క్షేమమని తలుస్తాను. ఈ ముక్క లేకపోతే ఉత్తరానికి తలా తోకా లేదని సణుగుతావు కాబట్టి ముందే రాసేశాను.

మా వాళ్లు ఒక పోటీ పెట్టారు. ఇప్పటిదాకా వచ్చిన రాక్ అండ్ రోల్ సింగిల్స్‌లో ఏది గొప్పదో శ్రోతలే ఓట్లేసి తేల్చాలట. సింగిల్ అంటే నీకు వేరే చెప్పాలా, పక్కకో పాట ఉండే చిన్న రికార్డు. మనిషికి ఒక్క కార్డు. దాని మీద పాట పేరు, అది ఎందుకు నచ్చిందో ఒక్క వాక్యం. ఏప్రిల్ ఆఖరి ఆదివారం పొద్దున పది గంటలకి, మొదట నిలిచిన పాటని ముల్లు పెట్టిన దగ్గర నుంచి ఎత్తేదాకా పూర్తిగా వినిపిస్తారు. మిగతావన్నీ ముక్కలే. లెక్కపెట్టే పని ఎవరి నెత్తిన పడిందో ఊహించు. మూడు గోనెసంచుల కార్డుల మధ్య కూర్చుని రాస్తున్నాను. జనానికి ఇంత కోపం ఉందని నాకు తెలియదు. ఒకాయన "నా పాట గెలవకపోతే రేడియో అమ్మేస్తాను" అని రాశాడు.

అసలు సంగతి ఇది. నిన్నటి సంచిలో రెండు కార్డులు మీ పాటకి వచ్చాయి. మీ నలుగురి బ్యాండు, 'ఇనప మెట్లు'. మీ ఒకే ఒక్క పాట, 'బండి ఆగదు'. చూడగానే కార్డు కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి మళ్లీ చదివాను. టేపు పాడైపోయింది, రికార్డు రానేలేదు అని కదా నువ్వు చెప్పావు? రాని రికార్డుకి ఓటెలా వేస్తారు?

ముప్ఫై ఒక్కేళ్లయింది. మీ పాటగాడు, బొంగురని అందరూ పిలిచినవాడు, ఆ పాట పాడి, ఆ సాయంత్రమే రైలెక్కి పోయాడు. ఆదివారం వచ్చి నాన్నతో మాట్లాడతానని నాకు మాటిచ్చినవాడు, పాటలో ఉన్నట్టే, ఆగకుండా పోయాడు. అందుకే మనింట్లో ఎవరం ఆ పాట పేరెత్తలేదు. ఇప్పుడెవరో ముక్కూమొహం తెలియనివాళ్లు ఎత్తుతున్నారు. కోపం రావాలి కానీ, నిజం చెప్పనా, సంతోషంగానే ఉంది.

వదిన మోకాలు ఎలా ఉంది?

చెల్లి


ఆసుపత్రి కట్టుబడి, రేకుల షెడ్డు
ఫిబ్రవరి 13

చెల్లికి,

అందరం బాగున్నాం. వదిన మోకాలు అలాగే ఉంది. ఇక్కడ రెండో అంతస్తు గోడలు లేస్తున్నాయి. నలభై మంది కూలీలు, నలభై రకాల సాకులు. మేస్త్రీగా పుట్టకూడదమ్మా.

ఆ రెండు కార్డులూ చించి పారెయ్. ఎవరో పనీపాటా లేనివాళ్లు ఆటపట్టిస్తున్నారు. రికార్డు లేదని చెప్పాను కదా, లేదు. మీ స్టేషన్‌లో రికార్డు కళ్లతో చూసి చెవులతో వింటే తప్ప లెక్కలోకి తీసుకోరని నువ్వే ఒకసారి చెప్పావు. ఆ నియమం ప్రకారం పోతే గొడవ లేదు.

ఆ కార్డులు రాసినవాళ్ల చిరునామాలు ఉంటే మాత్రం నాకు పంపు. ఊరికే, తెలుసుకుందామని.

ఇంకా వస్తే చెప్పు.

అన్నయ్య


ఉత్తరాల గది
మార్చి 3

అన్నయ్యకి,

ఇంకా రావడమా! ముప్ఫై ఏడు కార్డులయ్యాయి. రికార్డు ఉంది అన్నయ్యా.

నీకు స్టూడియో పెద్దాయన గుర్తున్నాడు కదా. టేపు మిషన్ నడిపేదీ ఆయనే, ఊడ్చేదీ ఆయనే, అద్దె వసూలు చేసేదీ ఆయనే. మొన్న చలికాలంలో పోయాడట. ఇంట్లోవాళ్లు సామానంతా పాతసామాన్లవాడికి తూకానికి వేశారు. గడియారాలు బాగుచేసే ఒకాయన అందులో గోడగడియారం కోసం వెతుకుతుంటే ఒక రికార్డు దొరికింది. ఫ్యాక్టరీ వాళ్లు ముందుగా చూసుకోవడానికి ఒక్కటే ఒక్కటి తీసి ఇస్తారట, అలాంటిది. తెల్ల కాగితం మీద పెద్దాయన చేతిరాతతో పాట పేరు. గడియారాలాయన ఆదివారం మధ్యాహ్నాలు కొట్లో నలుగురినీ కూర్చోబెట్టి పాత రికార్డులు వినిపిస్తుంటాడు. ఇది వినిపించాడు. నలుగురు నలభై అయ్యారు. ఇప్పుడు వీధిలో బెంచీలు వేస్తున్నారట.

వింత ఏమిటంటే, అందరూ రాసిన వాక్యం ఒకటే. పాట బాగుందని ఎవరూ అనరు. "చివర బాగుంది" అంటారు. పాట అయిపోయాక ఇరవై సెకన్లు ఏదో తట్టుతున్న చప్పుడు ఉందట. ఎవరో దూరం నుంచి లయగా తడతారట. ఒకమ్మాయి రాసింది: "రాక్ అండ్ రోల్‌లో ఇంతకంటే ధైర్యమైన ముగింపు లేదు, ఆ డ్రమ్మర్ ఎవరో గానీ దండం పెట్టాలి." ఆ డ్రమ్మర్ మా అన్నయ్యేనని కుర్చీ ఎక్కి అరవాలనిపించింది. అది నువ్వే కదా? నాకెప్పుడూ చెప్పలేదేం?

చెల్లి


రేకుల షెడ్డు
మార్చి 9

చెల్లికి,

అవును, నేనే. కుర్చీ కోడు మీద కర్రలతో ఊరికే వాయించాను. పెద్దాయన దాన్ని కోసేస్తానన్నాడు, కొయ్యలేదు. అంతే.

నేను డ్రమ్మర్నని ఎవరికీ చెప్పకు. ఈ వయసులో గుంపులు గుంపులుగా నా మీద పడితే కూలీల ముందు పరువు పోతుంది. ఆ గడియారాలాయనతో మాట్లాడు. ఆ రికార్డు న్యాయంగా మా బ్యాండుది. మిగతా ఇద్దరూ పోయారు, ఉన్నది నేనొక్కణ్ణే. మర్యాదగా అడిగి తీసుకుని, గుడ్డలో చుట్టి నాకు పంపు. రేడియోలో మాత్రం వేయనివ్వకు.

నువ్వు కూడా వినకు. నీ మంచికే చెబుతున్నాను. వదిలేసి పోయినవాడి గొంతు మళ్లీ వినడం దేనికి? ఏళ్ల తరబడి ఆ వెనక తలుపు దగ్గర కూర్చుని ఎలా అయిపోయావో నాకు తెలుసు. మళ్లీ అలా చూడలేను.

అన్నయ్య


ఉత్తరాల గది
మార్చి 28

అన్నయ్యకి,

వారం రోజులు జ్వరంతో మంచానికి అతుక్కుపోయాను, అందుకే ఆలస్యం. తిరిగి వచ్చేసరికి బల్ల కనపడలేదు, కార్డులే. మీ పాట నాలుగో స్థానంలో ఉంది. గడియారాలాయనే స్వయంగా రికార్డు తెచ్చి ఇచ్చాడట. నేను లేనప్పుడు రికార్డుల గది ఆయన విని, నిజమేనని పుస్తకంలో సంతకం పెట్టాడు. కాబట్టి ఇక లెక్కలోకి వచ్చినట్టే. నేను ఇంకా వినలేదు. నువ్వన్న మాట గుర్తొచ్చి రెండుసార్లు ఆ గది గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాను.

ఈ అభిమానులు మామూలువాళ్లు కాదు. ఒక గుంపు ఆరు పేజీల ఉత్తరం రాసింది. ఆ పాటలో డ్రమ్స్, గిటార్లు దగ్గరగా, పొడిగా వినిపిస్తాయట. బొంగురు గొంతు ఒక్కటే గుహలోంచి వచ్చినట్టు గుంయ్‌మని వినిపిస్తుందట. అంటే వాడు వేరే గదిలో నిలబడి పాడాడు అని తేల్చారు. చివర తట్టిన చప్పుడు కూడా అదే గుహలోంచి వస్తోందట. చెక్క మీద తట్టింది కాదు, ఇనుము మీద అని కూడా రాశారు.

నేను చదివి నవ్వుకున్నాను. మా అన్నయ్య కుర్చీ బయట డ్రమ్స్ దగ్గర కదా ఉండాలి, ఆ గదిలోకి ఎలా వెళ్లింది? నీ కుర్చీ కోడు ఇనపదా? ఇది నువ్వే చెప్పాలి. ఆ పాత స్టూడియో ఇప్పుడు కాగితం గిడ్డంగి అయిందట. ఆ పాడే గది చూసి రావాలని వాళ్లు వెళ్తే, మెట్ల కింద గోడ తప్ప ఏ గదీ లేదట.

చెల్లి


రేకుల షెడ్డు
ఏప్రిల్ 2

చెల్లికి,

ఇంత చిన్నదానికి ఇంత ఆరా ఏమిటి? సరే, చెబుతాను, ఇంతటితో ఆపు.

మెట్ల కింద ఒక సిమెంటు గది ఉండేది. కిటికీ లేదు. నాలుగు గోడలు, ఒక మైకు. బొంగురు దాంట్లో నిలబడి పాడితే గొంతు మోగేది. దానికి ఇనప తలుపు. గొళ్లెం వదులై పాట మధ్యలో గడగడలాడేది, అందుకని బయటనుంచి గడియ పెట్టేవాళ్లం. మెట్లకి దగ్గరగా కూర్చునేది డ్రమ్మర్. కాబట్టి గడియ పెట్టేదీ వాడే, పాట అయిపోయి, వాయిస్తున్నంతసేపూ వెలిగే ఎర్రబల్బు ఆరాక వెళ్లి తీసేదీ వాడే. అది మా పద్ధతి. ఆ రోజు కూడా తీశాను. తీసి, తలుపు మీద సరదాగా తట్టాను. అదే మీవాళ్లు వింటున్నది. బొంగురు నవ్వి, సంచీ భుజాన వేసుకుని రైల్వే స్టేషన్‌కి పోయాడు. నా కళ్లారా చూశాను. తర్వాత ఆ గదిలో నీళ్లు ఊరుతున్నాయని మూసేశారు.

కుర్చీ అని రాసింది పొరపాటు. ముప్ఫై ఏళ్ల నాటి మాట, అన్నీ గుర్తుంటాయా?

నా మాట ఒక్కటి విను. ఒక రికార్డు చెయ్యి జారి కింద పడితే ఎవరూ ఉరి తీయరు. జ్వరం పడి లేచినదానివి, చేతులు వణికాయి అంటే సరిపోతుంది. నాన్న పేరు మీద అడుగుతున్నాను. నేను ఎప్పుడైనా నిన్ను ఏదైనా అడిగానా?

అన్నయ్య


ఇంటి నుంచి
ఏప్రిల్ 8

అన్నయ్యా,

నిన్న విన్నాను.

రికార్డుల గది ఆయన భోజనానికి వెళ్లినప్పుడు తలుపు వేసుకుని పెట్టుకున్నాను. పాట వింటుంటే ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. వాడి గొంతు ఎంత పడుచు గొంతో మర్చిపోయాను. ఇప్పుడు నాకో కొడుకుంటే ఆ గొంతు వయసే ఉండేది. చివర నీ డ్రమ్స్ ఠక్కున ఆగిపోయాయి. ముల్లు గరగర. ఆ తర్వాత మొదలైంది.

రెండు, ఆగి, మూడు. మళ్లీ రెండు, ఆగి, మూడు.

నీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. మన ఇంటి వెనక తలుపు బొంగురు అలాగే తట్టేవాడు. నాన్న వరండాలో పేపరు చదువుతుంటే, వెనక నుంచి రెండు, ఆగి, మూడు. నేను లోపలి నుంచి ఒక్కసారి తట్టేదాన్ని, వస్తున్నాను అని. ఏడాదిన్నర పాటు ఇలా నడిచింది. అమ్మకి తెలియదు, నీకు తెలియదు, వాడికీ నాకూ తప్ప ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. నువ్వు సరదాకి తట్టి ఉంటే అది నీ చేతికి ఎలా వస్తుంది?

తట్టింది వాడు. లోపలి నుంచి.

ఏడుసార్లు విన్నాను. అందులో భయం లేదు అన్నయ్యా. నన్ను చంపుతున్నది అదే. నువ్వు వస్తున్నావనుకుని, చేతికి అలవాటైన చప్పుడు నింపాదిగా చేస్తూ నిలబడ్డాడు. చివర్లో రెండు తట్టాడు, ఆగాడు, టేపు అయిపోయింది.

ఒక్కటే అడుగుతున్నాను. నువ్వు తలుపు తీశావా?


రేకుల షెడ్డు
ఏప్రిల్ 14

చెల్లీ,

నాలుగు ఉత్తరాలు రాసి చించేశాను. ఇది చించను.

తీయలేదు.

ఆ రోజు పొద్దున మెట్ల మీద వాడు నాతో చెప్పాడు. ఆదివారం మనింటికి వస్తున్నానని, నిన్ను చేసుకుని పెద్ద ఊరికి వెళ్లిపోతానని, బ్యాండుకి ఇదే ఆఖరి పాట అని. నవ్వుతూ చెప్పాడు, నేను సంతోషిస్తాననుకున్నాడు. నా ఒళ్లు మండిపోయింది. నాన్న నేర్పిన తాపీ పని వదిలేసి నాలుగేళ్లు ఆ డ్రమ్స్ పట్టుకుని వేలాడాను. నా చెల్లి, నా బ్యాండు, రెండూ ఒక్క మాటతో పట్టుకుపోతున్నాడు.

పాట అయింది. బల్బు ఆరింది, టేపు ఇంకా తిరుగుతూనే ఉంది. వాడు తడుతున్నాడు. ఒక గంట ఉండనీ అనుకున్నాను. చెల్లీ, ఒక్క గంటే అనుకున్నాను. మిగతా ఇద్దరూ గిటార్లు సర్దుకుని వెళ్లారు. ఫ్యాక్టరీ బండి వెళ్లిపోతోందని పెద్దాయన టేపు పట్టుకుని పరుగెడుతూ, "అందరూ వచ్చేశారా?" అని అడిగాడు. "వచ్చేశారు" అన్నాను. ఆయన వీధి తలుపుకి తాళం వేసి అటునుంచి అటే ఊరెళ్లాడు. మూడు వారాల సెలవులు.

గంట అయ్యాక వెళ్తే తాళం ఉంది. వెనక కిటికీ పగలగొట్టి దూరొచ్చు. ఒక్క కేక వేస్తే వీధి వీధంతా వచ్చేది. కానీ ఇంతసేపు ఎందుకు తీయలేదని అడుగుతారు కదా, ఏమని చెప్పాలి? ఆ మాట వెతుక్కుంటూ ఇంటికి వచ్చాను. మర్నాడు మళ్లీ వెళ్లి, తిరిగి వచ్చాను. నాలుగో రోజు కిటికీ పగలగొట్టాను. అప్పటికి చప్పుడు లేదు. గడియ తీసి చూసి, మళ్లీ పెట్టేశాను.

నాన్న దగ్గర ఇటుకలకి కొదవా? రెండు రోజుల్లో గోడ లేపాను. నీళ్లు ఊరుతున్నాయని నేనే మూసేశానని చెబితే, పెద్దాయన భుజం తట్టి పనితనం మెచ్చుకున్నాడు. వాడి సంచీ కూడా లోపలే ఉంది. రైలు మాట నేను పుట్టించిందే. పాడినవాడే లేకుండా రికార్డు దేనికని పెద్దాయనతో ఆపించిందీ నేనే. వెనకాముందూ లేనివాడు, ఎవరూ వెతకలేదు. నువ్వొక్కదానివే ఎదురుచూశావు. నేను పెళ్లి సంబంధాలు తెచ్చిన ప్రతిసారీ నువ్వు తల అడ్డంగా ఊపితే, నేను లేచి వీధిలోకి వెళ్లిపోయేవాణ్ణి.

ఇప్పుడు నాకు అరవై దగ్గరపడుతోంది. వదినకి ఏమీ తెలియదు. ఆ పాట రెండో స్థానంలో ఉంటే ముక్క వేసి వదిలేస్తారు, పది రోజుల్లో జనం మర్చిపోతారు. మొదటిదైతే ఊరంతా ఆ తట్టుడు వింటుంది, ఎవడో ఒకడు ఆ గోడ మీద పడతాడు. లెక్కపెట్టేది నువ్వు. ఒక సంచి పక్కన పెడితే చాలు. వాడు ఎలాగూ తిరిగి రాడు. నేను ఉన్నాను కదమ్మా, నీకు మిగిలింది నేనే కదా.

అన్నయ్య


ఉత్తరాల గది
ఏప్రిల్ 26, శనివారం

అన్నయ్యకి,

లెక్క పూర్తయింది. అందరికంటే ముందు నీకే చెబుతున్నాను.

మీ పాటకి ఆరువందల పన్నెండు. రెండో పాటకి ఆరువందల ఒకటి. ఏ సంచీ పక్కన పెట్టలేదు. ఆఖరి వారంలో రెండో పాటకి ఒకేసారి నలభై కార్డులు వచ్చాయి, నలభై పేర్లతో, కూలీలందరి పేర్లూ కాబోలు. మూలల్లో సిమెంటు పొడి ఉంది. "బాగుంది" అన్న మాట నలభైసార్లు ఒకే చేత్తో రాసి ఉంది. నువ్వు 'గ' రాసే తీరు నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? మనిషికి ఒక్క కార్డే అన్న నియమం ప్రకారం కొట్టేయాలి. కొట్టేయలేదు, కలిపే లెక్కపెట్టాను. అయినా పదకొండుతో గెలిచింది.

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు అన్నం ముట్టలేదు. నాన్న పోయినప్పుడు నువ్వు నా పక్కన కూర్చున్నది, నాకు పెద్ద జబ్బు చేసినప్పుడు మంచం దగ్గర ఉన్నది అన్నీ గుర్తొచ్చాయి. నీ మీద జాలి లేదని అబద్ధం చెప్పను. కానీ నేను ముప్ఫై ఒక్కేళ్లు ఒక మంచివాణ్ణి తిట్టుకున్నాను అన్నయ్యా. మాట తప్పాడని, పిరికివాడని, నన్ను మోసం చేశాడని. వాడు ఆ ఆదివారం రాలేకపోయింది ఆ తలుపు నువ్వు మూసి కూర్చున్నావు కాబట్టి. ఆ తిట్లన్నీ ఇప్పుడు ఎవరికి చెప్పుకుని వెనక్కి తీసుకోను?

నీ ఉత్తరం నా దగ్గర లేదు. నిన్న పొద్దున ఇన్‌స్పెక్టర్ చేతికి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, మంచినీళ్లు అడిగాడు. గిడ్డంగి వాళ్లకి కబురు వెళ్లింది. మెట్ల కింద కాగితం బస్తాలు జరిపిస్తున్నారు. అభిమానులని లోపలికి రానివ్వరు, కారణం కూడా చెప్పలేదు. వాళ్లు మాత్రం రేపు వీధి పొడుగునా రేడియోలు పెట్టుకుని కూర్చుంటారట. పాపం, వాళ్లకి అది పండగ. పది గంటలకి పాట మొదలవుతుంది, తర్వాత ఆ ఇరవై సెకన్లు వస్తాయి. నేను ఆ గోడ దగ్గరే ఉంటాను. అప్పుడు ఒకసారి తడతాను.

గోడ పగలగొట్టడానికి ఎవరిని పిలవాలని ఇన్‌స్పెక్టర్ అడిగాడు. కట్టినవాడే ఉన్నాడని చెప్పాను. ఎర్రబల్బు ఆరాక తలుపు తీసేది డ్రమ్మర్ అని నువ్వే కదా రాశావు. మీ పద్ధతి ప్రకారం ఆ పని ఇంకా నీదే.

ఈ ఉత్తరం పోస్టులో వేయలేదు. నీకిచ్చినాయన ఇంకా నీ ఎదురుగానే నిలబడి ఉంటాడు. వదినకి నేను ఏదో ఒకటి చెప్పుకుంటాను, నువ్వు ఆయనతో బయల్దేరు.

సుత్తి, ఉలి తెచ్చుకో.

చెల్లి